కొసరు

జులై నెలాఖరు. మున్నెకొళాలలో వాన.
మా ఆడిటరు ఆఫీసు మెట్ల మీద
చెప్పుల కంటే గొడుగులే ఎక్కువ.

నరసమ్మ తడిసి వచ్చింది.
కర్రీ పాయింట్ నరసమ్మ, కదిరి మనిషి.
నాలుగు పీజీల పిల్లలకు రెండు పూటలా పప్పూ పులుసూ ఆమెవే.
కొంగు కింద ప్లాస్టిక్ కవరు, కవర్లో బ్యాంకు కాగితం,
కాగితం మూలన పసుపు మరక.
పూజ పసుపు కాదు, పోపు పసుపు.

"కరెంటు కారు కొంటే లక్షన్నర ఎనక్కిస్తారంట గదప్పా.
మూడో అంతస్తు పిల్లోడు చెప్పినాడు.
నాది యాడుంది?"

చూశాను.
లోను మంజూరైంది రెండువేల ఇరవై మూడు, మార్చి ఇరవై ఎనిమిది.
ముప్పై ఒకటితో ఆ తలుపు మూసేశారు,
ఈమె మూడు రోజుల ముందే దూరింది.
ఆ మధ్యాహ్నమంతా మేనేజరు ఎదుట కుర్చీ దిగలేదట,
ఇక్కడ సాంబారు మాడిందట.
పాత పద్ధతి, సరే. వడ్డీ సర్టిఫికెట్, సరే.
సెక్షను ఎనభై ఈఈబీ.
అన్నీ సరే.

అసలు కంటే వడ్డీ ముద్దంటారు కదమ్మా,
ఆ సామెతను మనసారా నమ్మిన సెక్షను ఇది.
నువ్వు తీర్చిన అసలు దీని కంటికి ఆనదు,
కట్టిన వడ్డీనే చూస్తుంది.
చూసి, డబ్బులివ్వదు.
నీ సంపాదనలో అంత లేదనుకుంటుంది,
లేదనుకున్న దాని మీద పన్నడగదు.

"అడగనీలే. నాకెంత మిగిలె?"

క్యాలిక్యులేటర్ ఆమె వైపు తిప్పాను.
నీ ఆదాయానికి పన్నే పడలేదమ్మా.
పడని పన్నులో ఏం తగ్గిస్తారు?
ఆ పిల్లాడి జీతం వేరు, వాడికి మిగులుతుంది.

ఫ్యాను కింద కొంగు పిండుకుంది.
"ఓ. కాయగూరలు కొన్నోళ్ళకే కరేపాకు ఊరికే ఏస్తారు.
కాళీ సంచీ పట్టుకోని పోతే ఏయరు.
అంతే గదా?"

అంతే.
పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని
నేనెవరికీ ఇంత సూటిగా చెప్పలేదు.

ఊరికే పంపబుద్ధి కాక
రిజిస్ట్రేషన్ రసీదు తీసి వేలు పెట్టి చూపించాను:
రోడ్డు ట్యాక్సు, సున్నా.
పెట్రోలు బండైతే ఇక్కడ పెద్ద మొత్తమే రాలేది.
ఇది నీకొచ్చిందే.

"రాలేదప్పా," అంది. "పోలేదు. అంతే."

నిజమే. చేతికి రాని డబ్బు
రాత్రి పక్క మీద కూడా కనబడుతుంది.
చేజారని డబ్బును చూసినవాళ్ళెవరు?

ఫీజు రెండొందలు బల్ల మీద పెట్టి
పక్కనే గోంగూర పొట్లం పెట్టింది.
వద్దన్నాను.
"పెట్టుకో. ఇది లెక్కలో రాయొద్దు."

కింద బండి కదిలింది, చప్పుడు లేదు.
వాచ్‌మన్ ఉలిక్కిపడి పక్కకు గెంతాడు.
గుంత దగ్గర మాత్రం
వెనక సీట్లో ఖాళీ గిన్నెలు, వాటిలో గరిటెలు
మలుపు తిరిగేదాకా
గలగలా మాట్లాడుకుంటూ పోయాయి.