దింపు

ఆరున్నర పంటు మీద
మోటారు సైకిళ్ల మధ్య నిలబడి గోదారి దాటుతాను.
సంచిలో గ్లౌజులు, డెట్టాలు, గోళ్ల కత్తిరి,
డబ్బాలో చద్దన్నం.

నరసాపురంలో మందుల షాపు షట్టరు మీద నా నంబరుంది,
"దయామణి. మనుషులను చూసుకోబడును."
ఆ "బడును" షాపబ్బాయి పెట్టాడు.
బాగానే ఉందని వదిలేశాను.

కువైట్‌లో నా పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండేది.
ఇప్పుడు నాకు నేనే సేటుని.
సెలవు నేనే అడగాలి, నేనే ఇవ్వాలి.
ఎక్కువసార్లు ఇవ్వను.

సఖినేటిపల్లి రేవు దిగి, డొంక చివరింట్లో
బుల్లబ్బులు.
ఇరవై ఏళ్లు కొబ్బరి దింపు తీసి
వాన వెలిసిన ఓ పొద్దున
పాచి పట్టిన మాను మీంచి జారిన మనిషి.
నడుం కిందకి ఏ కబురూ చేరదు.

మొదటి నెల నా వైపు చూసేవాడు కాదు.
నేను తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే
పైన వాసాలు లెక్కపెట్టుకునేవాడు.
నేనూ గోడతో పని చేస్తున్నట్టే చేసేదాన్ని.

రెండు గంటలకోసారి పక్క తిప్పాలి.
వీపు మీద రూపాయి బిళ్లంత ఎరుపు కనిపిస్తే
నా కడుపులో రాయి పడుతుంది.
మూత్రం సంచి రంగు చూసి
ఆ రోజెలా గడుస్తుందో చెప్పేస్తాను,
వేటకెళ్లేవాళ్లు మబ్బు చూసి చెప్పినట్టు.

ఓ రోజు ఎత్తుతుంటే నడుం పట్టేసింది.
మంచం కోడు పట్టుకుని అలాగే వంగిపోయాను.
అప్పుడన్నాడు,
"నడుంతో కాదమ్మా.
చెట్టెక్కినా మనిషినెత్తినా తొడల్తోనే.
నన్ను గుండెకి దగ్గరగా లాక్కో.
చెట్టు దగ్గర సిగ్గుపడితే
చెట్టు ఒదిలేస్తది."

మోకాళ్లు వంచాను. ఊపిరి బిగబట్టాను.
మాను కావలించుకున్నట్టు కావలించుకుని
చక్రాల కుర్చీలోకి దించాను.
"దింపు బానే తీశావ్" అన్నాడు.

అప్పట్నుంచీ పెరటి గుమ్మంలో కూచోబెడుతున్నాను.
గాలికి మట్టలు కొట్టుకునే చప్పుడు విని
ఏ చెట్టుకి ఎన్ని గెలలున్నాయో చెప్తాడు.
వెళ్లి చూస్తే ఒకటి ఎక్కువో తక్కువో.
ఒప్పుకోడు. నాకే లెక్క రాదంటాడు.

రోజుకి నాలుగొందలు.
ఈ నెల పదకొండు రోజులు బాకీ.
ఎలా అడగాలో పంటు మీద రెండుసార్లు
నాలో నేనే అనుకుని చూసుకున్నాను.
సాయంత్రం పల్లాలమ్మ రొయ్యల షెడ్డు నుంచొచ్చింది,
ఐసుకి తోలు లేచిన వేళ్లతో
కొంగు ముడి విప్పలేకపోతోంది.
సంచిలోంచి వేజలిన్ తీసిచ్చాను.
పుస్తకంలో అదీ రాయలేదు.
రాయాలి. సేటుని కదా.

చివరి పంటు. నీళ్ల మీద ఇంజను పొగ.
పక్కనొకావిడ కాయల బస్తా ఎత్తలేక అవస్థపడుతోంది.
"నడుంతో కాదండీ" అన్నాను.
నేనెవర్నో అన్నట్టు ఎగాదిగా చూసి
బస్తా తన వైపు లాక్కుంది.