రూళ్ల పుస్తకం

పెద్ద కోర్టు కాదన్న మర్నాడు
పూర్ణా మార్కెట్ వెనక సందులో
నీలవేణి ఫాల్స్ కుట్టే కొట్లో ఏడుగురం కూర్చున్నాం.
ఎవరూ ఏడవలేదు.
వదులైన ఫ్యాను రెక్క టకటకమంటుంటే
దానికేసే చూస్తూ ఉండిపోయాం.

"చట్టాలు సేసీవోల్నడగమన్నారు గదా, అడుగుదుం"
పంటికింద దారం తెంపుతూ అంది నీలవేణి.
"ఎమ్మెల్లే ఇల్లు నాకు తెల్సు.
ఆళ్లావిడ జాకిట్లు నానే కుడతాను."

అదీ మొదలు.
నలభై రూపాయల రూళ్ల పుస్తకం.
మొదటి గీత మీద నా పేరు,
రెండో గీత మీద ఎరుకమ్మ పేరు.

ఎరుకమ్మ నాకేమవుతుంది?
గ్యాసు పుస్తకంలో అక్క.
మర్రిపాలెం అద్దె కాగితంలో రూమ్మేటు.
నా పీఎఫ్ ఫారంలో కొట్టివేత.
పెద్దాసుపత్రి చీటీలో "వెంట వచ్చినవారు".
పదకొండేళ్లలో ఇన్ని నామాలు
అమ్మవారికైనా పెట్టి ఉండరు,
ఆ ఒక్కటీ తప్ప.

ఆదివారం పొద్దున్నే
బీచిరోడ్డులో బళ్లు ఆపేసే వేళ
సబ్‌మెరైన్ ఎదురుగా నిలబడ్డాం.
నడకకొచ్చిన రిటైర్డు మేష్టారొకరు
మా వినతిపత్రంలో రెండు అచ్చుతప్పులు దిద్ది
సంతకం పెట్టకుండా వెళ్లిపోయారు.
కాలేజీ కుర్రాడొకడు పేరు రాసి, కొట్టేసి,
మురీ మిక్చరు తినొచ్చి మళ్లీ రాశాడు
ఈసారి ఇంటిపేరుతో సహా.
ఇంకొకాయన పుస్తకం లాక్కుని
నీళ్లలోకి గిరాటేశాడు.

అల ఈడ్చుకుపోయేలోపు
వల ఆరబెడుతున్న జాలరి గుంటడు పట్టుకున్నాడు.
"ఏటిది?"
చెప్పాం.
"అలగా" అన్నాడు.
గాలానికి పడ్డ చెప్పు తిరిగిచ్చినట్టు చేతికిచ్చి
తన వల వైపు వెళ్లిపోయాడు.
ఇంటికొచ్చాక ఎరుకమ్మ తల కొట్టుకుంది:
"వేలిముద్ర అడగలేదు కదే మనం!"
మర్నాడే ఇంకు ప్యాడు కొన్నాం.

కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో
సన్నాసయ్య ఆ ప్యాడు మీద బొటనవేలు అద్దుతూ
"ఫ్యాక్టరీకి భూమిచ్చి నలభయ్యేళ్లు.
ఉద్యోగం కోసం ముద్రలేస్తనే ఉన్నాను.
ఇంకోటేస్తే ఏటి అరిగిపోద్ది?" అన్నాడు.
కాసేపాగి, కొంచెం సిగ్గుపడి,
"ఇంతకీ మీ ఇద్దర్లో వంటెవులు సేస్తారు?"
"ఆకలేసినోలు" అంది ఎరుకమ్మ.
శిబిరమంతా నవ్వింది.
ఆ నవ్వులో ఎంత మా మీద, ఎంత మాతో
ఇప్పటికీ లెక్క తేలలేదు.
పందొమ్మిది ముద్రలు మాత్రం పడ్డాయి.

మార్గశిర గురువారం బురుజుపేట వెళ్లాం.
ఆ తల్లికి నెత్తిన కప్పుండదు.
మధ్యన ఒకరు నిలబడక్కర్లేదు,
ఎవరి పసుపు వాళ్లే పూయొచ్చు.
పుస్తకం అట్ట మీద కుంకం చుక్క పెడుతుంటే
వెనకున్న ముసలమ్మ
"కొత్త దుకాణమేటమ్మా?" అంది.
పద్దుల పుస్తకమనుకుంది కాబోలు.
"పాత బాకీ" అన్నాను.

సోమవారం, కలెక్టరాఫీసు అర్జీల వరస.
నూట నలభై మూడు పేర్లు,
ముప్ఫయ్యొక్క వేలిముద్ర,
ఉప్పునీటికి ఉబ్బిన పేజీలు.
సర్వరు డౌనని గుమాస్తా రశీదు చేత్తో రాశాడు.
అర్జీ చదవలేదు.
చదివినా తేల్చేది ఆయన కాదు.
"ఇచ్చినవారు" అన్న గడిలో
తలెత్తకుండా రాసుకుపోయాడు:
బోని సుగుణ మరియు పిల్లా ఎరుకమ్మ.
గుండ్రటి ముద్ర టప్పున వేస్తే
సగం ఆ "మరియు" మీద పడింది.

బస్సులో దాన్ని మడత పెట్టనివ్వలేదు ఎరుకమ్మ.
జగదాంబ దగ్గర దిగి
లామినేషన్ చేయిద్దామంటోంది.
చిల్లర ఎంతుందో చూస్తున్నాను.