ఎడమకు వంగే నీరు

నవంబరులో గేటు మూసేస్తారు.
అప్పటినుంచి తోట మాది.
నిమ్మకుండీలన్నీ తోపుడుబండ్ల మీద పాకలోకి చేరాక,
పాలరాతి దేవతలు గోనెపట్టాలు కప్పుకుని
పని దొరకని కూలీల్లా వరసగా నిలబడ్డాక,
ఎర్సీలియో నేలమూత ఎత్తి
"దిగు" అంటాడు.

లుక్కా కొండల కింద ఈ తోటలో
పైన తిరిగేవాళ్ళకి నూట పన్నెండు ధారలు.
కింద పాకేవాళ్ళకి ఒకటే సొరంగం,
మోకాటిలోతు బురద,
సీసపు గొట్టాలు, వాటి మీద ఇనుపవి, వాటి మీద ప్లాస్టిక్కువి,
ఒక్కో కాలం ముందుకాలానికి వేసిన మాసిక.

కొండనీళ్ళు సున్నం మోసుకొస్తాయి.
ప్రతి ధార నోట్లోనూ రోజుకింత రాయి పెట్టిపోతాయి.
ఇత్తడి ముక్కుల్ని వెనిగర్ బకెట్లో నానేసి
పాత టూత్‌బ్రష్‌తో తోముతాను.
ఇంటికెళ్తే మా పిల్ల దూరం జరుగుతుంది:
"అమ్మా, ఊరగాయ వాసన!"

ఎర్సీలియోకి నక్షా అక్కర్లేదు.
కర్ర ఒక కొస నేలకి, ఒక కొస చెవికి ఆనించి
పక్కింటి తగువు వినేవాడిలా కళ్ళు మూసుకుంటాడు.
"ఇక్కడ తవ్వు."
తవ్వితే అక్కడ కారుతూనే ఉంటుంది.

జనవరిలో చేపపిల్లాడి వంతు.
చేపను వాటేసుకున్న రాతిపిల్లాడు.
వాడి ముక్కు ఎప్పుడో అరిగిపోయింది.
చేప నోట్లోంచి నీరు నిటారుగా లేవాలని పాత బొమ్మలో ఉంది.
మా దగ్గరేమో ఎడమకు వంగుతుంది.
"సరిచేయండి" అని బెల్లాందీ గారు
బొమ్మ మీద ఎర్రగీత గీసిచ్చారు.

విప్పితే లోపల గులకరాయి.
బఠాణీ గింజంత.
వేలితో కదిలిస్తే కదల్లేదు.
జనపనార చుట్టి, మైనం పట్టించి
ఎవరో కావాలని దిగగొట్టిన రాయి.

తీశాం. కడిగాం. వాల్వు తిప్పాం.
నీరు నిటారుగా లేచింది, బొమ్మలో ఉన్నట్టే.
లేచి, ఒక్క క్షణం ఆగి,
సరిగ్గా పిల్లాడి మొహం మీద పడింది.
ముక్కు ఉండాల్సిన చోట.

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
అప్పుడు చూశాను, పెదవులు బాగానే ఉన్నాయి.
రెప్పల మీద ఉలిగీతలు కూడా.
ముక్కు పోయాక, పెదవులు పోకముందు,
ఎవడో ఈ చలిలోనే ఇక్కడ గొంతుక్కూర్చుని
జేబులు తడుముకుని ఉంటాడు.

ఎర్సీలియో వాల్వు కట్టేశాడు.
కొత్త నార, కొత్త మైనం నేనే చుట్టాను.
రాయి మాత్రం అదే.

రిపోర్టులో ఆ గడి దగ్గర పెన్ను ఆగింది.
"విప్పాం. శుభ్రం చేశాం. బిగించాం."
అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఏప్రిల్లో గేటు తెరిచారు.
బెల్లాందీ గారు వచ్చి చేపపిల్లాడి ముందు నిలబడ్డారు,
ఎడమవైపున.
ఆవిడ బూట్లు తడిశాయి.
తలెత్తి వాడి మొహంకేసి చూశారు,
మళ్ళీ బూట్లకేసి.
చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టి
కోటు జేబులో వేసుకున్నారు.