కొంగుముడిలో పెచ్చులు

సర్కిల్ ఆఫీసు ఎదురుగా నాది జిరాక్స్ దుకాణం.
అర్జీలు కూడా రాస్తాను. పేజీకి నలభై.
నల్లా రాని గల్లీ, పేరు తప్పుపడ్డ రేషన్ కార్డు,
మనిషి పోయినా ఆగని ఇంటి పన్ను.
ఏ బాధకు ఏ ఆఫీసో నా వేళ్లకు తెలుసు.

బాలమణి బాధకే తెలియలేదు.

కూర్చోమంటే కూర్చోలేదు. కొంగుముడి విప్పి
కౌంటరు మీద గుమ్మరించింది
గోరంత గోరంత రంగు పెచ్చులు.
ఒకదాన్ని వేలి మీద నిలబెట్టి చూశాను.
పైన తెలుపు, దాని కింద మీగడ రంగు, నీలం,
అట్టడుగున చిలకాకుపచ్చ.
బడీచౌడీలో ఎవరిదో మూడు తరాల ఇల్లు,
పెళ్లికొక పూత, పంపకానికొక పూత.

"మిషిన్ వెట్టి గీకుతుండ్రు మేడం,
తలుపులు, కిటికీలు, సువ్వలు సుత.
దుమ్ము లేసి మా అన్నం గిన్నెలల్ల వడ్తది.
పిల్లగాడు ఆడనే, సిమెంటు సంచి మీద.
పెచ్చు నోట్లె వెట్టుకుంటే గుంజి పారేసిన.
ఇంకొకటి దేవులాడిండు.
తియ్యగుందమ్మా, అన్నడు."

తియ్యగా.
ఆ మాట ఎలా టైపు చేయాలో నాకు తోచలేదు.

నిలోఫర్ దవాఖాన కాగితం మడతలు విప్పింది.
రక్తంలో సీసం. పక్కన ఒక అంకె.
అంకె చుట్టూ ఎర్ర పెన్ను గీత.
"ఏం పని చేస్తవమ్మా, అనడిగింది డాక్టరమ్మ.
పదేండ్లల్ల ఎవ్వలడగలే."

నాకు సీసమంటే ఎనిమిదో తరగతి.
తెలుగు సారు బెత్తం ఊపుతూ చదివించిన పెద్ద పద్యం.
ఎంత పొడుగు సాగినా చివర ఓ ఎత్తుగీతి వచ్చి
ఊపిరి తీసుకోనిచ్చేది.
ఈ సీసం వెనక ఏం వస్తుందో
కాగితంలో లేదు.

ఎవరి మీద, అన్నాను.
కాంట్రాక్టరు భూమేశు. వరసకు మేనబావ.
పని ఇప్పించింది ఆయనే, బోనాలకు చీర పెట్టిందీ ఆయనే.
నష్టపరిహారం ఎంత రాయను, అన్నాను.
"అది రాయకుండ్రి.
సోమారం సంది ఆ బజార్లనే చిన్నపిల్లల బడి వడ్తుండ్రు.
సెలవులు గావు. పిల్లలు కూసునే ఉంటరు.
మిషిన్ ఆపాలె. తడిపి గీకాలె. పరదాలు కట్టాలె.
గంతే రాయుండ్రి."

కార్మిక శాఖకా, కాలుష్య మండలికా, కమిషనరుకా?
ముగ్గురికీ రాశాను.
'విషయం' అన్న చోట కర్సరు చాలాసేపు కొట్టుకుంది.
చివరికి ఆమె మాటే పెట్టాను: తడపకుండా గీకుతున్నారు.
డబ్బులు తీసుకోలేదని గొప్ప చెప్పను.
అర్జీకి తీసుకున్నాను. కాపీలకు వదిలేశాను.

రోడ్డు దాటి ఇద్దరం వెళ్లాం.
ఎవరో పెద్దసారు వస్తున్నాడట,
ఆఫీసుకే రంగులు వేస్తున్నారు.
నిచ్చెన మీద కుర్రాడు, ముక్కుకు రుమాలైనా లేదు,
పట్టీతో పొడిగోడను గరగరా గీకుతున్నాడు.
ఇన్‌వర్డ్ గుమాస్తా రిజిస్టరు మీది తెల్లదుమ్ము
అరచేత్తో తుడిచి, అరచేతిని ప్యాంటుకు తుడిచి,
స్టాంపు కొట్టాడు. రెండువేల రెండువందల పదిహేడు.
పది రోజులాగి రమ్మన్నాడు.

బాలమణి నంబరు చూడలేదు.
మూలనున్న నీళ్ల క్యాను కింద మగ్గు పెట్టి నింపింది.
ఏయ్, అవి తాగే నీళ్లు, అని గుమాస్తా లేచేలోపు
గోడ మీద చల్లింది.
పెచ్చులు ఎగరలేదు. నల్లబడి,
గోడను పట్టుకుని మెల్లగా జారాయి.

"ఇగ గీకు బిడ్డా," అన్నది.