స్టారు దించని ఇల్లు

కోస్గి రోడ్డు మీద మా వాడకు మొదటి ఇల్లు మాది.
మేదరోళ్ల కాడ తెచ్చిన వెదురుబద్దల్ని
నాయిన మోకాలి మీద వంచుతుంటే
అమ్మ మైదాపిండి ఉడికించి జిగురు చేసేది.
నేను వేలు ముంచి నాకితే వీపు మీద ఒకటి పడేది.
ఎర్రకాగితం, పసుపుకాగితం, అంచులకు జిలుగుతోకలు.
అయిదు మూలల్లో ఒకటి ఎప్పుడూ వంకరే.
"యేసయ్య పుట్టిన కొట్టం మాత్రం సక్కగుండెనా"
అని ఆ మూలనే రోడ్డు దిక్కు తిప్పి కట్టేటోడు.

గోడలకు సున్నం, గడపకు జాజు,
మూకుట్ల గర్జెలు,
టైలరు కాజాలు కుట్టకుండనే ఇచ్చిన కొత్త అంగి,
అర్ధరాత్రి కంజిర కొట్టుకుంట కేరల్స్ పిల్లలు.
అన్నీ అందరిండ్లల్ల లెక్కనే.

జనవరి వస్తేనే మాది వేరే.
వాడల స్టార్లన్నీ దిగి అటకలెక్కేవి.
మాది దిగకపోయేది.
"పండుగ అయిపాయె గదనే,
కరెంటు బిల్లు నీ మేనమామ కడ్తడా?"
నాయిన నిచ్చెన తెస్తే
అవ్వ వచ్చి దాని మొదటి మెట్టు మీద కూసునేది.
రేషన్ కార్డుల ఎలీసబెతు, వాడంతటికి ఎల్సవ్వ.
"బొంబాయి బస్సు రెండు గొట్టంగ వస్తది జక్కయ్యా.
దిగినోనికి దిక్కు తెల్వాలె గద."

బిల్లు సీతాఫలాలు కట్టేవి.
గుట్టెక్కి తెంపి, గంపల గడ్డేసి మాగబెట్టి,
సంతల అమ్మిన పైసలు
బైబిలు సంచిల వేరే ముడేసి పెట్టేది.
పొయ్యి మీద ఎసరు మసిలే లోపల
అమ్మ తీసే పిడికెడు బియ్యం డాల్డా డబ్బాలకు.
అండ్ల సగం చర్చికి,
సగం ఆ బస్సుకు.

నెత్తిన మూట, చంకల నిద్రపిల్ల,
సిమెంటు తిని పగిలిన పాదాలు.
ఏ ఊరు, ఏ దేవుడు అని అడగకపోయేది అవ్వ.
"తిన్నవా?" అంతే.
తిన్నమని అబద్ధమాడుకుంటనే
చేతులు కడుక్కునేటోళ్లు.

వానలు పడ్డంక స్టారుకు కాగితం ఉండదు.
ఒట్టి బద్దలు, నడుమ నలభై బల్బు, దాని సుట్టు ఉసిళ్లు.
దాన్ని స్టారు అనాలంటే మనసుండాలె.
అట్లాంటి ఒక రాత్రే
రూప్లాను కండక్టరు చేతుల మీద దించిపోయిండు.
ఎనిమిదో అంతస్తు సెంట్రింగు నుంచి పడ్డ కాలు,
తొడదాక సిమెంటుకట్టు.
తండా మూడు కోసులు, వాగు పారుతున్నది.
నాయిన తిట్టుకుంటనే లూనా తీసిండు.
నన్ను ఎనుక కూసోబెట్టి "ఆ కాలు పట్టుకోరా" అన్నడు.
తొవ్వ పొడుగునా నా ఒడిల
ఒక మనిషి బరువు వణికింది.

తెల్లారి నాయిన అంగడికి పోయి అరవై బల్బు తెచ్చిండు.
ఏం మాట్లాడలే.
నిచ్చెనేసి పెట్టిండు, దిగిండు, చాయ్ తాగిండు.

అవ్వ పోయినంక చిన్నవ్వ చెప్పింది:
పూణెల మట్టి మోసి వచ్చిన రాత్రి
మీ అవ్వ ఇక్కడ్నే దిగింది,
ఏడు నెలల జక్కయ్యను కొంగుల సుట్టుకొని
చీకట్ల ఏ తొవ్వ ఎటో తెల్వక
కంకరకుప్ప మీదనే తెల్లారినాక కూసున్నదని.
మాకు ఒక్కనాడు చెప్పలే.

నాకు యాదికుండేది ఇంకోటి.
ఏడాదంత కోడికునుకు తీసే అవ్వ
క్రిస్మస్ రాత్రి మాత్రం గుర్రుపెట్టి పండేది.
లేపితే కండ్లు తెరవకుండనే అనేది:
"ఇయ్యాల ఇంటింటికి స్టారున్నది బిడ్డా,
ఎవడు తప్పిపోడు.
నన్ను పండనియ్యి."

మళ్ల జనవరి.
వాడల ఒక్కొక్క స్టారే దిగుతున్నది.
కిటికిల నుంచి లెక్కపెట్టుకుంట
అవ్వ చెప్పుల కోసం కాలుతోని దేవులాడేది.