నీళ్ళున్నయా?

వారాసిగూడల మా ఇంటి మెట్ల మీద
పాత నల్లా బిల్లు తిరగేసి పెన్ను తీసిన.
ఆదివారం పోవాలె. జలపాతం ఒకటి, దాని పైన చెరువొకటి,
వికారాబాద్ దాటినంక, పోనురాను ఏడు కిలోమీటర్ల నడక.
"మోడరేట్ అంకుల్" అన్నడు పై పోర్షన్ అన్వేష్, ఫోన్ల చూసుకుంట.
మోడరేట్ అంటే ఏందిరా?
ఆగిండు. గడ్డం గోక్కున్నడు.
"కష్టమే గానీ
చెప్పుకునేంత కాదు."

నవ్వొచ్చింది.
ముప్పై ఒక్క ఏండ్ల నా నౌకరీకి
ఇంత సరైన పేరు ఎవ్వడూ పెట్టలే.

రైలు టికెట్లు అన్వేష్‌వి.
మీటర్ రీడింగుల రిటైరైన నిఖత్ బేగం వస్తది,
వాళ్ళాయన రాడు. "ఆయన నడవడు, మాట్లాడ్తడు" అన్నది.
పులిహోర బాలమణిది. మోకాలి పట్టీ నాది.
"ఉరికే నీళ్ళు మీరు చూసుకోన్రి,
నిలబడ్డ నీళ్ళ కాడ నేను కూసుంట" అన్నది బాలమణి.
బూట్లు కొనదట. చెప్పులతోనే ఎక్కుతదట.

తాగే నీళ్ళ కాడ పెన్ను ఆగింది.
మనిషికి ఎన్ని లీటర్లు?
అన్వేష్ మూడన్నడు. నిఖత్ రెండు చాలన్నది.
అందరు నా దిక్కు చూసిన్రు.

నాకేం ఎరుక?
నేను నీళ్ళను లీటర్ల లెక్క ఇయ్యలే,
నిముషాల లెక్క ఇచ్చిన.
పల్లం గల్లీకి నలభై, ఎత్తు మీది గల్లీకి యాభై.
తెల్లారగట్ల నాలుగింటికి
మూత లేపి, రెంచి దింపి, పద్నాలుగు చుట్లు తిప్పితే
భూమి లోపల గుర్రుమని ఏదో లేచేది.
ఆ చప్పుడుకే తెలిసేది
ప్రెషర్ ఎంతున్నది, ఏ ఇంట్ల దొంగ మోటర్ బిగించిన్రు.
నీళ్ళను చెవితోనే చూసిన.
కంటితో చూసింది తక్కువ,

పగిలినప్పుడు తప్ప.
ఒకసారి మెట్టుగూడల మెయిన్ లైన్ పగిలి
రెండంతస్తుల ఎత్తు లేసినయ్ నీళ్ళు.
పిల్లలు తడిసిన్రు. పెద్దలు ఫోటోలు దిగిన్రు.
నేనొక్కన్నే బంద్ చెయ్యనీకె ఉరికిన.
ఉరుక్కుంటనే ఒక్కసారి ఎనకకు తిరిగి చూసిన,
ఎండ పడి అండ్ల రంగులు.
తెల్లారి మెమో ఇచ్చిన్రు, ఆలస్యమైందని.

ఈసారి వానలు సరిగ పడలే.
అంత దూరం పోయి ఎండిన బండ చూసొస్తమా అని నిఖత్ గులిగింది.
అన్వేష్ ఒక నంబరు సంపాదించిండు,
గుట్ట కింద చాయ్ డబ్బా కిష్టప్పది.
ఫోన్ నా చేతిల పెట్టిండు.
గొంతు సవరించుకొని అడిగిన:
"అన్నా, నీళ్ళున్నయా?"

అడిగినంక గాని తెల్వలే.
ముప్పై ఒక్క ఏండ్లు ఆ మాట నా చెవులల్లనే పడ్డది.
అర్ధరాత్రి, పెండ్లిల, దావత్‌ల,
మా నాయిన పదకొండొద్దుల నాడు గూడ.
నేను ఎవ్వర్నీ అడిగింది లేదు.

అటుదిక్కు దగ్గు. గిన్నె కింద పెట్టిన చప్పుడు.
"వస్తయ్ సారూ. మబ్బైతే అయింది. వస్తయ్."

ఎరుకే నాకు ఆ గొంతు.
లేవు అననీకె నోరు రానోని గొంతు.
పైన ఎవరు తిప్పుతరో
తనకూ తెల్వనోని గొంతు.

"ఏమన్నడు?" అన్నరు ముగ్గురూ.
"ఉన్నయట" అన్న.
బిల్లు మీద రాసిన: మనిషికి మూడు లీటర్లు.

శనివారం రాత్రి.
నాలుగింటికి అలారం పెట్టి మళ్ళ తానే తీసేసింది బాలమణి,
నా దిక్కు చూసి.
రెంచి ఆఫీసుల అప్పజెప్పి ఏడాదైంది.
అరచేతుల కాయలు మాత్రం ఎవ్వరూ వాపస్ అడగలే.
బ్యాగు తలుపు కాడ పెట్టి పండుకున్న.

ఎప్పుడో నడిజామున
మెట్ల మీది రేకుల మీద టప్పుమన్నది.
కొద్దిసేపాగి, ఇంకోటి.
చెవి పెట్టిన.
ప్రెషర్ తక్కువే గానీ
లైన్ల ఉన్నది.