మస్తానయ్య చేతులు కడిగిన నీళ్లు

చిల్లకూరు ఇసుక తెల్లగా ఉంటుంది,
ఎండలో చూస్తే కళ్లు నొప్పెడతాయి.
లారీలకు లారీలు గాజు కోసం తరలిపోతుంటే
టార్పాలిన్ చిరుగులోంచి జారిన పిడికెడు
గూడూరు రోడ్డు మలుపులో మిగిలిపోతుంది.
మా ల్యాబుకొచ్చే సిలికాన్ మాత్రం
సీలు వేసిన సీసాలో, ముంబై చిరునామాతో దిగుతుంది.
పుట్టింటి పేరు చెప్పదు.

వరికి ఈ ఇసుక సంగతి మనకన్నా ముందే తెలుసు.
వేళ్లతో దాని సారం తాగి
ఆకు అంచుకు రంపం పెట్టుకుంటుంది,
గింజకు ఊక తొడుగుతుంది.
అయినా మంచు పడే రోజుల్లో
పొగలేని అగ్గి వచ్చి పడుతుంది కయ్యల మీద.
ఆకున ఒక నూలుకండె మచ్చ,
తెల్లారేసరికి పది,
ఆనక వెన్ను మెడ విరుగుతుంది.

మందు కొట్టక ఏం చేస్తారు?
కోవూరు అవతల ఒక్క పూటలో పదహారు ట్యాంకులు కొడతాడు
కసుమూరు మొక్కుతో పుట్టిన మస్తానయ్య.
మూతికి తువ్వాలు. కాళ్లకు ఏమీ లేదు.

నేను రెండేళ్లుగా ఒక పంజరం అల్లుతున్నాను.
మూడు చేతుల పంజరం,
ఒక కొసన సిలికాన్, ఎదురుగా నైట్రోజన్.
బస్సులో కునుకు పట్టిన మనిషి
పక్కవాళ్ల భుజం మీదికి వాలినట్టు
ఇది దానివైపు ఒరిగి ఉంటుంది.
టోలుయీన్ మరిగి, సారా ఆవిరి విడిపోయి,
అడుగున తెల్లపొడి దిగేదాకా
కరెంటు పోకూడదు. పోతుంది.
తడి తగలకూడదు. నెల్లూరు గాలికి
సముద్రం ఎప్పుడూ పక్కవీధే.
పదకొండుసార్లు జిగురే మిగిలింది.
పన్నెండోసారి, నీలిదీపం కింద,
లేత పెసరకాయ రంగులో వెలిగింది.

వెలగడం కాదు దాని పని.
మందు తగిలితే ఆరిపోవడం.

ఇనప నీళ్లకీ ఆరుతుంది, అది వేరే బాధ.
బోరునీళ్లు పోస్తే అబద్ధం చెబుతుంది.
ఆ పేజీకి మా గైడు ఎర్ర సిరాతో సున్నా చుట్టి
"ఇంకోసారి" అని రాశారు.

శుక్రవారం మస్తానయ్య వచ్చాడు.
కాలువ నీళ్లు తెమ్మంటే
కూల్‌డ్రింకు సీసాలో చేతులు కడిగిన నీళ్లు తెచ్చాడు.
"సబ్బేసి రెండుసార్లు తోముకున్నానమ్మే,
ఇయ్యి మూడోసారి నీళ్లు. ఎట్టుండాయో చూడు."

మూడు చుక్కలు.
పది లెక్కపెట్టేలోపే
పెసరకాయ రంగు చీకట్లో కలిసిపోయింది.

లైటు వేశాను. ఏం చెప్పాలో తోచక
"ఇనుమున్నా ఆరుతుంది, మళ్లీ చూడాలి" అన్నాను.
అతను గాజుగొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఏడేళ్లాయె నాకు వాసన తెలవక.
చేపల పులుసు మాడినా తెలవదు.
దీనికి ముక్కుండాదన్నమాట."

మళ్లీ చూశాను. ఇనుము తీసేసి, మూడుసార్లు.
మూడుసార్లూ ఆరింది.
నోటుబుక్కులో గడి అడుగుతుంది
నమూనా ఏ పొలానిదని, సర్వే నంబరెంతని.
రెండు చేతులు, అని రాశాను.

కిటికీ కింద అతను మోపెడ్ తన్నుతున్నాడు.
హ్యాండిలుకు సంచి.
సంచిలో, రేపు అల్లీపురంలో కొట్టాల్సిన
పన్నెండు ట్యాంకుల మందు.